రాకుండా ఆపడానికి ఇంగ్లీషులో ఏ మాట? ప్రివెంట్, అవర్ట్, వార్డ్ ఆఫ్, స్టేవ్ ఆఫ్ వాడే తీరు

తెలుగులో ‘కుండా’ ఒక్కటి ఉంటే చాలు. పడకుండా పట్టుకున్నాడు, తడవకుండా కప్పింది, పాలు పొంగకుండా చూసింది, దొంగలు రాకుండా తాళం వేశారు. జరగకూడని పని ఏదైనా సరే, దాని క్రియకు ‘కుండా’ తగిలిస్తాం. ఆ తర్వాత ఆపు, చూడు, కాపాడు, అడ్డుకో అని ఇంకో మాట కలుపుతాం. వద్దన్న సంగతి జరగబోయే పని పక్కనే ఉంటుంది.

ఇంగ్లీషులో ఆ వద్దనడం ఆపే క్రియ లోపలే ఉంటుంది. ప్రివెంట్ అనగానే ‘జరగకుండా’ అన్నది కూడా అందులో వచ్చేసింది. మళ్ళీ విడిగా ‘నాట్’ పెట్టక్కర్లేదు, పెడితే అర్థం తిరగబడుతుంది. ‘వాణ్ణి వెళ్ళకుండా ఆపాను’ అన్నదాన్ని మాటకు మాట మార్చి ‘ఐ ప్రివెంటెడ్ హిమ్ ఫ్రమ్ నాట్ గోయింగ్’ అంటే, వాడు వెళ్ళకుండా ఉండటాన్ని ఆపానని అర్థం. అంటే దగ్గరుండి పంపించానన్నమాట. సరైన వాక్యం ‘ఐ ప్రివెంటెడ్ హిమ్ ఫ్రమ్ గోయింగ్’. రాసిన తర్వాత ఆపే క్రియ పక్కన ‘నాట్’ కనిపిస్తే కొట్టేయండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళ జవాబు పత్రాల్లో ఈ కోవలో ముందుగా దిద్దాల్సిన తప్పు ఇదే.

రెండో చిక్కు ఇంకాస్త లోతుగా ఉంటుంది. తెలుగులో ‘లేపాను గానీ లేవలేదు’, ‘ఆపాను గానీ ఆగలేదు’ అంటాం. ఎవరికీ తప్పుగా తోచదు, ఎందుకంటే మన క్రియ ప్రయత్నాన్ని చెప్తుంది, ఫలితం తర్వాతి మాటలో వస్తుంది. ఇంగ్లీషు ప్రివెంట్, అవర్ట్, డిటర్, డిస్వేడ్, థ్వార్ట్, ఫాయిల్ అన్నీ ఫలితాన్ని కూడా చెప్పేస్తాయి. ‘ఐ ప్రివెంటెడ్ హిమ్, బట్ హి వెంట్’ అంటే ఒకే నోటితో వెళ్ళలేదనీ వెళ్ళాడనీ చెప్పినట్టు. పని కానప్పుడు ‘ట్రైడ్ టు’ తప్పనిసరి: ‘ఐ ట్రైడ్ టు స్టాప్ హిమ్, బట్ హి వెంట్’. మినహాయింపుగా డిస్కరేజ్‌కు ఈ ఇబ్బంది తక్కువ. నిరుత్సాహపరిచినా అవతలివాడు వెళ్ళి ఉండవచ్చు.

ముందు చట్రాలు

అర్థాల జోలికి వెళ్ళేముందు క్రియ వెనక ఏం రావాలో చేతికి అలవాటు కావాలి. మాట సరైనదైనా చట్రం తప్పితే వాక్యం పోతుంది.

ప్రివెంట్, స్టాప్, కీప్, డిటర్, డిస్వేడ్, డిస్కరేజ్, ప్రిక్లూడ్, ప్రొహిబిట్, బ్యాన్: వీటన్నిటిదీ ఒకే చట్రం. క్రియ, ఎవరిని, ‘ఫ్రమ్’, ఆ తర్వాత చివర ‘ఇంగ్’ చేరిన పని. ‘ది రెయిన్ ప్రివెంటెడ్ అస్ ఫ్రమ్ సోయింగ్’. ఇక్కడ ‘టు’ రాదు. ‘ప్రివెంటెడ్ అస్ టు సో’ ఎక్కడా చెల్లదు. బ్రిటిష్ వాళ్ళు ప్రివెంట్, స్టాప్ తర్వాత ‘ఫ్రమ్’ వదిలేసి ‘ప్రివెంటెడ్ అస్ సోయింగ్’ అని కూడా అంటారు. వాళ్ళ పత్రికల్లో కనిపిస్తే తప్పనుకోకండి. కానీ కర్మణిలో, అంటే ‘వి వర్ ప్రివెంటెడ్’ అన్నప్పుడు, ‘ఫ్రమ్’ వదలడానికి వాళ్ళకైనా వీల్లేదు. అందుకే ఎప్పుడూ ‘ఫ్రమ్’ పెట్టడమే మేలు.

కీప్ విషయంలో ‘ఫ్రమ్’ మరచిపోతే అర్థమే తలకిందులవుతుంది. ‘కీప్ ది మిల్క్ బాయిలింగ్’ అంటే పాలు మరుగుతూనే ఉండనివ్వు. ‘కీప్ ది మిల్క్ ఫ్రమ్ బాయిలింగ్ ఓవర్’ అంటే పొంగిపోకుండా చూడు. మధ్యలో ఆ చిన్న మాట లేకపోతే పొయ్యంతా పాలే.

స్టాప్‌తో ఇంకో మెలిక ఉంది. ‘హి స్టాప్డ్ స్మోకింగ్’ అంటే మానేశాడు. ‘హి స్టాప్డ్ టు స్మోక్’ అంటే చేస్తున్న పని ఆపి సిగరెట్ వెలిగించాడు.

ఫర్బిడ్ ఒక్కటీ ఈ గుంపు నుంచి బయట ఉంటుంది. దానికి ‘టు’ పాత అలవాటు: ‘షి ఫర్బేడ్ హిమ్ టు గో’. ‘ఫ్రమ్ గోయింగ్’ కూడా ఇప్పుడు వినిపిస్తుంది, కానీ పరీక్షలో ‘టు’కే కట్టుబడండి.

అవాయిడ్‌కు ‘ఫ్రమ్’ అసలు పడదు. అవాయిడ్ వెనక నేరుగా నామవాచకమో ‘ఇంగ్’ పనో రావాలి: ‘అవాయిడ్ ట్రావెలింగ్ ఎట్ నైట్’. ‘అవాయిడ్ టు ట్రావెల్’ తప్పు, ‘అవాయిడ్ హిమ్ ఫ్రమ్ ట్రావెలింగ్’ కూడా తప్పే. అవాయిడ్ ఎప్పుడూ తాను దూరంగా ఉండటం, ఇంకొకణ్ణి ఆపడం కాదు. తెలుగు మాటల్లో కలిపి ‘వాడు నన్ను అవాయిడ్ చేస్తున్నాడు’ అంటామే, అది ఇంగ్లీషులోనూ సరైన వాడుకే. కానీ ‘నూనె కాస్త అవాయిడ్ చేయండి’ అన్నది సరికాదు. అవాయిడ్ అంటే పూర్తిగా దూరం పెట్టడం. తగ్గించమనడానికి ‘కట్ డౌన్ ఆన్’ ఉంది. పథ్యం చీటీ ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఈ తేడా పట్టించుకోవాలి, రోగి దాన్ని అక్షరాలా పాటిస్తాడు.

ఎవరిని ఆపుతున్నాం, ఎవరిని కాపాడుతున్నాం

‘ప్రివెంట్ యువర్ చిల్డ్రన్ ఫ్రమ్ డెంగీ’. ఇలాంటి వాక్యం గోడల మీదా కరపత్రాల్లోనూ కనిపిస్తుంటుంది. ప్రివెంట్ తర్వాత రావాల్సింది చెడు. ప్రొటెక్ట్ తర్వాత రావాల్సింది మనం కాపాడుకునేది. డెంగీని నివారిస్తాం, పిల్లల్ని కాపాడతాం, పిల్లల్ని నివారించం కదా. కాబట్టి ‘ప్రివెంట్ డెంగీ’ అనండి, లేదా ‘ప్రొటెక్ట్ యువర్ చిల్డ్రన్ ఫ్రమ్ డెంగీ’ అనండి. ప్రివెంట్‌తోనే పిల్లల్ని పెట్టాలంటే వెనక ‘ఇంగ్’ క్రియ కావాలి: ‘ప్రివెంట్ చిల్డ్రన్ ఫ్రమ్ గెటింగ్ డెంగీ’.

దోమ దగ్గరే ఇంకొంచెం ఆగుదాం, ఎందుకంటే ఒక్క దోమతో ఆరేడు క్రియలు నేర్చుకోవచ్చు. డెంగీని మోసే ఏడిస్ దోమ నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికోసారి కూలర్, పూలకుండీల కింది పళ్ళేలు, పాత టైర్లలోని నీళ్ళు పారబోయమనడం అందుకే. ఆ పనికి ప్రివెంట్: ‘ప్రివెంట్ మస్కిటోస్ ఫ్రమ్ బ్రీడింగ్’. కిటికీకి జాలీ కొడితే ‘కీప్ అవుట్’: దోమ ఉంది, లోపలికి రాలేదు. ఒంటికి పూసుకునే మందు చేసేది ‘రిపెల్’: దగ్గరికొచ్చి వెనక్కి పోతుంది. ఆ మందును వార్డ్ ఆఫ్‌తోనూ చెప్పవచ్చు. చేత్తో విసురుతూ తోలుకుంటుంటే ‘ఫెండ్ ఆఫ్’. కుట్టాక ఒళ్ళు వైరస్‌తో పోరాడితే ‘ఫైట్ ఆఫ్’. దోమలున్న చోటికే వెళ్ళకపోతే ‘అవాయిడ్’. ఈ వరసలో ఏ క్రియను ఇంకోదాని స్థానంలో పెట్టినా చిత్రం మారిపోతుంది.

ఆపద ఎంత దూరంలో ఉంది

ఈ క్రియల్ని విడదీసేది ముఖ్యంగా సమయమే. భద్రాచలం దగ్గర గోదావరిని తీసుకోండి. నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ఆ మెట్ల పక్కన ఇంగ్లీషు క్రియల్ని నిలబెట్టి చూడండి.

వేసవిలో నది సన్నగా పారుతున్నప్పుడు కరకట్టకు మట్టి పోసి గట్టిచేస్తే ఆ పని ప్రివెంట్ కిందికి వస్తుంది. ఎగువన వానలు దంచుతున్నాయన్న కబురు రాగానే, నీరు ఇంకా 43 దాటకముందే, బలహీనమైన చోటు చూసి ఇసుక బస్తాలు దింపితే ఫోర్‌స్టాల్ లేదా హెడ్ ఆఫ్. 53 దాటి నీరు కట్ట అంచును తాకుతుండగా రాత్రంతా బస్తాలు పేర్చి గండి పడనీయకుండా చేస్తే అవర్ట్. నీరు ఎలాగూ వచ్చేస్తుందని తెలిసీ, కింది కాలనీలు ఖాళీ అయ్యేదాకా ఆరు గంటలు ఆపగలిగితే స్టేవ్ ఆఫ్. మూడు రోజులు వరద కట్ట అవతలే నిలిచి ఉంటే కీప్ ఎట్ బే. డిటర్ మాత్రం ఎక్కడా పనికిరాదు. నదికి భయం ఉండదు కాబట్టి.

ప్రివెంట్ ఈ అన్నిచోట్లా దాదాపుగా ఇముడుతుంది. చివరి క్షణంలో చెయ్యి పట్టుకుని పడకుండా ఆపినా ప్రివెంట్ అనవచ్చు. అనుమానం వస్తే దాన్నే వాడండి, ఎవరూ తప్పు పట్టరు. మిగతావి ఇంకా కచ్చితంగా చెప్పడానికే. నిఘంటువులో పర్యాయపదాల వరస చూసి గంభీరంగా ఉందని థ్వార్ట్‌నో ఆబ్వియేట్‌నో ఎత్తుకొచ్చి పెట్టడం వ్యాసాలను పాడుచేసే అలవాటు.

లాటిన్‌లో ప్రివెంట్‌కు మూలం ‘ముందుగా రావడం’. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో కీర్తనలు 119:147 దగ్గర ‘ఐ ప్రివెంటెడ్ ది డానింగ్ ఆఫ్ ది మార్నింగ్’ అని ఉంటుంది. తెల్లవారకుండా ఆపానని కాదు, తెల్లవారకముందే లేచానని. పాత ప్రార్థన పుస్తకాల్లో ప్రివెంట్ కనిపించి అయోమయంగా ఉంటే ‘ముందు నడవడం’ అని చదువుకోండి, సరిపోతుంది.

అవర్ట్: తప్పింది, తప్పించాడు, తప్పించుకున్నాడు

తెలుగు వార్తల్లో ‘తృటిలో తప్పిన పెను ప్రమాదం’ అన్న శీర్షిక లేని వారం ఉండదు. దీనికి సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు మాట అవర్ట్. లాటిన్‌లో దాని మూలం పక్కకు తిప్పడం. అందుకే చూపు తిప్పుకోవడానికి కూడా అదే మాట: ‘షి అవర్టెడ్ హర్ ఐస్’. మీదికొస్తున్నది ఆఖరి క్షణంలో పక్కకు మళ్ళిందన్న భావం రెండిటిలోనూ ఉంది. యుద్ధం, సమ్మె, సంక్షోభం, దుర్ఘటన, కరువు లాంటి పెద్దవే దీనికి తగినవి. ‘ఐ అవర్టెడ్ ఎ హెడేక్’ నవ్వు తెప్పిస్తుంది. మనిషిని కూడా అవర్ట్ చేయలేం.

మనకు ఒక్క ధాతువు మూడు రూపాల్లో పని చేస్తుంది: ప్రమాదం తప్పింది, డ్రైవర్ ప్రమాదాన్ని తప్పించాడు, ప్రయాణికుడు ప్రమాదం నుంచి తప్పించుకున్నాడు. ఇంగ్లీషులో ఈ మూడూ విడివిడిగా ఉంటాయి. మొదటిది ‘ది యాక్సిడెంట్ వజ్ అవర్టెడ్’, రెండోది ‘ది డ్రైవర్ అవర్టెడ్ ది యాక్సిడెంట్’, మూడోది ‘ది ప్యాసెంజర్ ఎస్కేప్డ్’. మొదటి దాంట్లో ‘వజ్’ తప్పనిసరి. ఇంగ్లీషు పత్రికల్లో ‘మేజర్ ట్రాజెడీ అవర్టెడ్’ అని ఉంటుంది, అక్కడ చోటు కోసం ‘వజ్’ తీసేశారు. ఆ శీర్షిక చూసి ‘ది ట్రాజెడీ అవర్టెడ్ యెస్టర్డే’ అని రాస్తే దుర్ఘటనే దేన్నో తప్పించిందని అర్థం వస్తుంది.

మన ‘కొను’ చేసే మేలు ఇక్కడ బాగా తెలుస్తుంది. తప్పించు, తప్పించుకొను, కాపాడు, కాపాడుకొను, ఆపు, ఆపుకొను. తన కోసం తాను చేసుకున్నదని ఒక్క చిన్న ప్రత్యయం చెప్పేస్తుంది. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం లేదు, వేరే క్రియే వెతకాలి. కాబట్టి మీ తెలుగు వాక్యంలో ‘కొను’ ఉంటే అవర్ట్ దగ్గర ఆగి ఆలోచించండి. అక్కడ కావలసింది అవాయిడో, ఎస్కేపో, స్టేవ్ ఆఫో అయ్యుంటుంది.

తలకొచ్చింది తలపాగాతో పోయిందంటామే, దానికి ‘అవర్ట్’ సగమే సరిపోతుంది, ఎందుకంటే తలపాగా పోయింది. ‘ఎస్కేప్డ్ లైట్లీ’ అంటే దగ్గరగా ఉంటుంది.

‘ఆఫ్’ చేరిన గుంపు

వార్డ్ ఆఫ్, ఫెండ్ ఆఫ్, స్టేవ్ ఆఫ్, హెడ్ ఆఫ్, ఫైట్ ఆఫ్. ‘ఆఫ్’ దూరంగా నెట్టడాన్ని చెప్తుంది. ముందున్న మాట ఎలా నెట్టారో చెప్తుంది.

వార్డ్ అంటే కాపలా. జైలు వార్డెన్‌లోనూ ఆస్పత్రి వార్డులోనూ ఉన్నది ఇదే మాట. కాపలా పెట్టి దగ్గరికి రానీయకపోవడం వార్డ్ ఆఫ్. దిష్టి విషయంలో ఇంగ్లీషు వాడేది కూడా దీన్నే: ‘టు వార్డ్ ఆఫ్ ది ఈవిల్ ఐ’. గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టడం, కడుతున్న ఇంటికి బూడిదగుమ్మడికాయ వేలాడదీయడం, పాప బుగ్గన దిష్టిచుక్క పెట్టడం, అన్నీ వార్డ్ ఆఫే. ఉప్పు, ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి దిష్టి తీయడం మాత్రం కాదు. అక్కడ దిష్టి అప్పటికే తగిలింది, తీసేస్తున్నారు. దానికి ‘రిమూవ్’ చాలు. మన ఆచారాల గురించి ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఈ రెంటినీ ఒకే మాటతో తేల్చేస్తుంటారు. చదివే పరాయివాళ్ళకు తీయడం వేరు, తగలకుండా చూడటం వేరన్నది ఎప్పటికీ తెలియదు.

జలుబుకు కూడా ఇలాంటి వరసే ఉంది. రాకముందు మిరియాల పాలు తాగితే ‘వార్డ్ ఆఫ్ ఎ కోల్డ్’. గొంతు గరగరలాడుతుండగా ఒళ్ళు పోరాడుతుంటే ‘ఫైట్ ఆఫ్’. పట్టి వారమై వదలనిదాన్ని వదిలించుకుంటే ‘షేక్ ఆఫ్’.

ఫెండ్ అన్నది డిఫెండ్‌లోంచి ముందక్షరాలు రాలిపోగా మిగిలిన ముక్క. పడవ గట్టుకు కొట్టుకోకుండా పక్కన వేలాడదీసే ఫెండర్ కూడా ఇందులోంచే వచ్చింది. ఎదురుగా వచ్చి మీద పడుతున్నవాటిని చేతులతోనో మాటలతోనో నెట్టడం ఫెండ్ ఆఫ్. వీధికుక్కలు, అప్పులవాళ్ళు, విలేకరుల ప్రశ్నలు, భుజం మీదికి లేచే బంతి, అన్నిటికీ పనికొస్తుంది. ‘ఫెండ్ ఫర్ వన్‌సెల్ఫ్’ వేరే మాట. ఎవరి సాయం లేకుండా బతుకు వెళ్ళదీసుకోవడమని దానర్థం.

స్టేవ్ అంటే కర్ర, పీపాకు వరసగా బిగించే చెక్క. కర్రతో కుక్కల్ని అదిలించి ఎడంగా ఉంచడం దగ్గర మొదలైన మాట. కర్ర దించగానే కుక్క మళ్ళీ వస్తుంది. ఆ భావం ఇప్పటికీ మాటలో ఉంది: స్టేవ్ ఆఫ్ అంటే ప్రస్తుతానికి ఆపడం. ఆకలి, నిద్ర, దివాలా, ఓటమి లాంటివి దీనికి తగినవి. వాటిని శాశ్వతంగా తరిమేసినట్టు రాయాలంటే ఈ మాట వద్దు.

ఫెండ్ ఆఫ్, స్టేవ్ ఆఫ్ తేడా ఒకే ఆటలో చూడాలంటే 2021 జనవరి సిడ్నీ టెస్టు ఉంది. చివరి రోజు మన కాకినాడ హనుమ విహారి తొడ కండరం పట్టేసినా అశ్విన్‌తో కలిసి నిలబడి 161 బంతుల్లో 23 పరుగులతో అజేయంగా మిగిలాడు, మ్యాచ్ డ్రా అయింది. మీదికి దూసుకొచ్చిన ఒక్కో షార్ట్ బంతిని వాళ్ళు చేసింది ఫెండ్ ఆఫ్. గంట తర్వాత గంట ఓటమిని చేసింది స్టేవ్ ఆఫ్. ఆట ముగిశాక మొత్తంగా చేసిన పనికి మాట ‘సేవ్డ్ ది మ్యాచ్’. బంతిని స్టేవ్ ఆఫ్ చేయరు.

హెడ్ ఆఫ్ పశువుల కాపరి పని. మంద చేలో పడబోతుంటే వెనక పరుగెత్తకుండా ముందుకు పోయి తల మళ్ళించడం. సమ్మె, గొడవ, తిరుగుబాటు మొదలవుతున్న సూచన కనిపించగానే చర్చలకు పిలిస్తే హెడ్ ఆఫ్.

సర్వనామం వస్తే దాని చోటు మధ్యలోనే. ‘ఫెండ్ దెమ్ ఆఫ్’, ‘హెడ్ హిమ్ ఆఫ్’, ‘స్టేవ్ ఇట్ ఆఫ్’. ‘ఫెండ్ ఆఫ్ దెమ్’ తప్పు. నామవాచకమైతే చివర పెట్టండి, ముఖ్యంగా స్టేవ్ ఆఫ్‌కు అదే చెవికి ఇంపు.

ముందే దారి కాయడం

ఫోర్‌స్టాల్ పుట్టుక తెలిస్తే వాడుక దానంతటదే వస్తుంది. పాత ఇంగ్లీషులో దారికాచి అడ్డుపడటమని అర్థం. తర్వాత సరుకు సంతకు చేరకముందే దారిలో కొనేసి ధర పెంచి అమ్మే వ్యాపారులకు ఆ పేరు అంటింది. ఇంగ్లండ్‌లో అది నేరంగా ఉండేది. 1844లో ఆ నేరాన్ని చట్టం నుంచి తీసేశారు. యార్డు గేటు దాకా రాకముందే రైతు బండి ఆపి బేరమాడే దళారిని చూసినవాళ్ళకు ఈ మాట మరచిపోవడం కష్టం. ఇవాళ దాని అర్థం: ఎదుటివాడు చేయబోయేది ఊహించి, వాడికంటే ముందే మనం కదిలి వాడికి అవకాశం లేకుండా చేయడం. ‘టు ఫోర్‌స్టాల్ క్రిటిసిజమ్, ది మినిస్టర్ రిలీజ్డ్ ది ఫైల్’. విమర్శ ఇంకా రాలేదు, వచ్చే దారి మూసుకుపోయింది.

ప్రిక్లూడ్ (వీల్లేకుండా చేయడం), ఆబ్వియేట్ (అవసరమే లేకుండా చేయడం) రెండూ కార్యాలయపు మాటలు, మనిషి కర్తగా ఉంటే అంతగా కుదరవు. ప్రిక్లూడ్‌కు నిబంధన, వయసు, పరిస్థితి కర్తలవుతాయి: ‘హిజ్ ఏజ్ ప్రిక్లూడ్స్ హిమ్ ఫ్రమ్ అప్లయింగ్’. ఆబ్వియేట్ వెనక ఎక్కువగా ‘ది నీడ్ ఫర్’ అనో ‘ది నీడ్ టు’ అనో వస్తుంది. అంతకుమించి దానితో ప్రయోగాలు చేయనక్కర్లేదు.

మనసున్నవాణ్ణి ఆపడం

డిటర్ అన్నది భయపెట్టడం నుంచి వచ్చింది. సీసీ కెమెరా, జరిమానా, కాపలా కుక్క చేసేది ఇదే: తలపెట్టినవాడు నష్టం లెక్కేసుకుని వెనక్కి తగ్గుతాడు. చేలో దిష్టిబొమ్మకు కూడా పనికొస్తుంది, పిట్టకు భయం ఉంది కనుక. వానకూ తుప్పుకూ పెట్టకండి. డిస్వేడ్‌లో భయం లేదు, మాటలతో నచ్చజెప్పి మాన్పించడం.

పథకం వేసుకుని రంగంలోకి దిగినవాణ్ణి ఆపితే థ్వార్ట్, ఫాయిల్. మన పత్రికల్లో ‘కుట్ర భగ్నం’, ‘దోపిడీ యత్నం భగ్నం’ అంటారు చూడండి, ఆ భగ్నానికి సరిజోడు ఫాయిల్. శేషాచలంలో ఎర్రచందనం దుంగలు లారీకెక్కుతుండగా పట్టుకుంటే ‘ఫాయిల్డ్ ఎ స్మగ్లింగ్ బిడ్’. థ్వార్ట్ కొంచెం విస్తృతం, ఆశలకూ ఆశయాలకూ కూడా పడుతుంది. పథకం లేని చోట రెండూ వద్దు. డెంగీకి కుట్ర లేదు.

‘అడ్డుకట్ట వేశారు’ అన్నది ప్రివెంట్ కాదు. గుట్కా అమ్మకాలకు అడ్డుకట్ట అంటే తగ్గించారని, అదుపు చేశారని. దానికి కర్బ్ సరైనది. హిండర్, హ్యాంపర్, ఇంపీడ్ కూడా ఆపవు, పని నెమ్మదించేలా చేస్తాయి.

చట్టాల పేర్లలో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో తేడా తెలుస్తుంది. 1961 వరకట్న నిషేధ చట్టం ఇంగ్లీషులో ప్రొహిబిషన్. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రివెన్షన్. ప్రొహిబిట్ అంటే చేయకూడదని శాసించడం, ప్రివెంట్ అంటే జరగకుండా చేయడం. ‘ది యాక్ట్ ప్రొహిబిట్స్ డౌరీ, బట్ హాజ్ నాట్ ప్రివెంటెడ్ ఇట్’ అన్న వాక్యంలో వైరుధ్యం లేదు. ఆ రెండు క్రియల మధ్య ఎడంలో ఎందరో ఆడపిల్లల బతుకులు నలిగాయి, కాబట్టి ఆ మాటలు రాసేటప్పుడు ఒకదానికి ఒకటి మార్చకండి.

ఇలాంటిదే పన్నుల్లో అవాయిడ్, ఇవేడ్. ట్యాక్స్ అవాయిడెన్స్ చట్టంలోని వెసులుబాట్లు వాడుకుని పన్ను తగ్గించుకోవడం, ట్యాక్స్ ఇవేజన్ దాచిపెట్టి ఎగ్గొట్టడం. రెండోది నేరం. ‘పన్ను ఎగవేత’ను అవాయిడెన్స్ అని అనువదిస్తే నేరస్థుడికి మేలు చేసినట్టు, అటూ ఇటూ మారిస్తే అమాయకుడిపై నింద వేసినట్టు.

స్పెల్లింగ్ విషయం క్లుప్తంగా. డిటర్‌కు ‘ఈడీ’ చేరినప్పుడు ఆర్ రెండు, రిపెల్‌కు ఎల్ రెండు. ప్రివెంట్‌కు చివర టీ ఒక్కటే. ప్రివెంటివ్, ప్రివెంటటివ్ రెండూ సరైనవే, పొట్టిది ఎక్కువ వాడుకలో ఉంది. స్టేవ్ ఆఫ్ భూతకాలం స్టేవ్డ్ ఆఫ్. స్టోవ్ అన్న రూపం పడవ అడుగు పగిలినప్పుడు వాడేది.

చేసి చూడండి

కింది తెలుగు వాక్యాలకు ముందు మీ ఇంగ్లీషు వాక్యం కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత పక్కనున్నది చదవండి.

హెల్మెట్ తలకు దెబ్బ తగలకుండా కాపాడుతుంది. ‘ఎ హెల్మెట్ ప్రొటెక్ట్స్ ది హెడ్ ఫ్రమ్ ఇంజరీ’. ప్రివెంట్ వాడితే ‘ప్రివెంట్స్ హెడ్ ఇంజరీస్’. ‘ప్రివెంట్స్ ది హెడ్’ అని మొదలుపెట్టి ఉంటే పైన డెంగీ దగ్గరికి వెళ్ళండి.

అర్ధరాత్రి చర్చలు ఫలించి బస్సుల సమ్మె తప్పింది. ‘ది బస్ స్ట్రైక్ వజ్ అవర్టెడ్ ఆఫ్టర్ మిడ్‌నైట్ టాక్స్’. ‘వజ్’ ఉందా చూసుకోండి.

వంట అయ్యేదాకా రెండు బిస్కెట్లతో ఆకలి ఆపుకున్నాం. ‘వి స్టేవ్డ్ ఆఫ్ హంగర్ విత్ ఎ కపుల్ ఆఫ్ బిస్కెట్స్’. ‘కొను’ ఉంది, తాత్కాలికం కూడా.

మంత్రి విలేకరుల ప్రశ్నలు దాటవేశారు. ఇక్కడ ఫెండ్ ఆఫ్ రాస్తే సగం మార్కే. దాటవేయడమంటే ప్రశ్నకు ఎదురు నిలవకుండా పక్కకు తప్పుకోవడం, దానికి ‘డాడ్జ్డ్’ కావాలి. ప్రశ్నకు ప్రశ్నతోనో ముక్తసరి జవాబుతోనో ఎదురు నెట్టి ఉంటే అప్పుడు ‘ఫెండెడ్ ఆఫ్’.

ఎంత వారించినా వినకుండా వాగులోకి బండి దింపాడు. ‘వి డిస్వేడెడ్ హిమ్’ అని మొదలుపెట్టినవాళ్ళు ఆగండి, అతను వినలేదు. ‘వి ట్రైడ్ టు డిస్వేడ్ హిమ్, బట్ హి రోడ్ ఇంటు ది స్ట్రీమ్’.

పిల్లి పాలగిన్నె మీదికి రాకుండా ఆమె మూత పెట్టింది. దీనికి ఒక్క జవాబు లేదు. ‘షి కవర్డ్ ది మిల్క్ టు కీప్ ది క్యాట్ అవే’ అనవచ్చు, ‘టు కీప్ ది క్యాట్ ఫ్రమ్ గెటింగ్ ఎట్ ఇట్’ అనవచ్చు, ‘సో దట్ ది క్యాట్ వుడ్ నాట్ గెట్ ఎట్ ఇట్’ అనీ అనవచ్చు. చివరిదాంట్లో ‘నాట్’ వచ్చింది, అది సరైనదే, ఎందుకంటే ఆ వాక్యంలో ఆపే క్రియ లేదు.